తిరుపతిలో సొంత దుడ్లతో కంపెనీ: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో నాకో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు, కాయ దించి కొనే ర్యాంపులకు, మండీలకు తూకం లెక్కలు, రైతు పేమెంట్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ చేస్తాం. 2016లో మొదలుపెట్టాం. ఇప్పటిదాకా బయటివాళ్ళ పెట్టుబడి ఒక్క రూపాయి తీసుకోలేదు. అదేదో నిగ్రహం అనుకోకండి, 2022లో ఒకాయన తప్ప ఎవరూ ఇస్తామనలేదు. సొంతంగా కంపెనీ పెట్టాలనుకునే పిల్లలు వారానికి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు, నేను అవే జవాబులు చెప్తున్నాను. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నా.

ఈ ఊళ్ళో ఇంత డబ్బు తిరుగుతుంది కదా, పెట్టుబడి ఎందుకు దొరకదు?

దుడ్లకు కొదవ లేదు. కరకంబాడి రోడ్డులోనో తిరుచానూరు రోడ్డులోనో ఒకసారి పోయి రండి, ప్లాట్ల రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. లాడ్జీలు, కల్యాణ మండపాలు, బంగారం, మామిడి తోటలు, వడ్డీ వ్యాపారం. ఊరి సంపదంతా వీటిలో ఉంటుంది. వీటికి విలువ కట్టడం ఇక్కడి పెద్దమనుషులకు తరాల నుంచి తెలుసు. నోటు రాయించుకుని నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పితే ఏడాదికి 24 శాతం. కూర్చున్న చోటికే వచ్చి ఇచ్చిపోతారు.

అలాంటి ఆయన దగ్గరికి నేనూ ఒకప్పుడు పోయాను. నా కంపెనీలో పది శాతం వాటా ఇస్తానన్నాను. ఆయన టీ తెప్పించి, చెప్పిందంతా ఓపిగ్గా విని ఒక్క ప్రశ్న అడిగాడు: "వాటా సరే నాయనా, రేపు నాకు దుడ్లు కావాల్సొస్తే దాన్ని యాడ అమ్ముకోవాల?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ప్లాటైతే వారంలో అమ్ముడుపోతుంది. తిరుపతిలో ఒక చిన్న కంపెనీ వాటా కొనేవాడెవడు?

ఇక చెన్నై 135 కిలోమీటర్లు, బెంగళూరు 250. అక్కడ పెట్టుబడిదారులున్నారు, వాళ్ళకు కావాల్సింది దేశమంతా పాకే వ్యాపారం. నాలుగు జిల్లాల మామిడి కాటాల సాఫ్ట్‌వేర్ వాళ్ళ లెక్కలోకి రాదు. వాళ్ళను తిట్టుకుని లాభం లేదు, నా వ్యాపారం సైజు అంతే.

గల్లా రామచంద్ర నాయుడు గారు చేయలేదా? జోహో చేయలేదా?

చేశారు. అమెరికా నుంచి తిరిగొచ్చి 1985లో అమరరాజా పెట్టారాయన. కరకంబాడి పేరు బ్యాటరీల వల్లే దేశానికి తెలిసింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో 1996లో మొదలై, బయటి పెట్టుబడి లేకుండానే ఎదిగింది. వాళ్ళ ఆఫీసు ఒకటి మన రేణిగుంటలోనే ఉంది. ఈ రెండు పేర్లూ ధైర్యానికి పనికొస్తాయి. లెక్కకు మాత్రం వీటిని పెట్టుకోవద్దు. ఫ్యాక్టరీ అంటే భూమి, యంత్రాలు ఉంటాయి, బ్యాంకుకు చూపించుకోవచ్చు. మన దగ్గర ఉండేది నాలుగు ల్యాప్‌టాప్‌లు.

ఎంత చేతిలో ఉంటే మొదలుపెట్టొచ్చు?

కంపెనీ ఖర్చు ఎంతవుతుందని అడుగుతారు అందరూ. ముందు ఇంటి ఖర్చు లెక్కేయండి. నేను చెన్నైలో ఉద్యోగం మానేసి వచ్చేటప్పటికి 4,20,000 రూపాయలు దాచుకున్నాను. కొర్లగుంటలో అమ్మానాన్నల ఇల్లు, అద్దె లేదు. ఇంటి ఖర్చు నెలకు 22,000. అంటే 19 నెలలు. అదే నా పెట్టుబడి. కంపెనీ మీద పెట్టింది ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్, ఎండల్లో తిరగడానికి పెట్రోలు.

పన్నెండు నెలలకు సరిపడా లేకపోతే ఉద్యోగం మానొద్దు. కూడబెట్టిన డబ్బు అయిపోయే రెండు నెలల ముందు మనిషి బుర్ర సరిగ్గా పనిచేయదు. ఎవడు ఏ రేటు చెప్పినా ఒప్పుకుంటాడు. నేను పదిహేడో నెలలో ఒక లాడ్జికి 4,000 రూపాయలకు వెబ్‌సైట్ చేసిచ్చాను. ఆ లాడ్జి ఓనరు ఇప్పటికీ దానికి మార్పులు చేయమని ఉచితంగా అడుగుతుంటాడు.

దర్శనం టికెట్లు, వసతి బుక్ చేసే ఆప్ పెడదామనుకుంటున్నాను. ఎలా ఉంటుంది?

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. వద్దు. టికెట్లు టీటీడీ తన సైటులో, తన ఆప్‌లో నేరుగా ఇస్తుంది, ఆధార్ వివరాలతో. మధ్యలో మనం దూరి టికెట్టు మీద నాలుగు రూపాయలు వేసుకుంటే దాన్ని దళారీ పని అంటారు, కేసు పెడతారు. కొండ చుట్టూ చట్టప్రకారం చేయగలిగిన పనులు ఎన్నో ఉన్నాయి: లాడ్జీల దుప్పట్ల ఉతుకు, ట్యాక్సీల లెక్కలు, హోటళ్ళ సరుకు కొనుగోలు. వాటి గురించి చెప్తే అవతల గొంతు నీరుగారిపోతుంది. దుప్పట్ల కంపెనీ అని చెప్పుకోవడం నామోషీ మరి.

నన్నడిగితే చుట్టుపక్కల ఊళ్ళు తిరగండి. పుత్తూరు, నగరి మరమగ్గాలు, శ్రీకాళహస్తి కలంకారీ, మాధవమాల కొయ్యబొమ్మలు, దామలచెరువు మామిడి మండీ, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు మనుషుల్ని, భోజనాల్ని పంపే కాంట్రాక్టర్లు. ఎవరి టేబుల్ మీద నోటుపుస్తకాలు దొంతరగా పేర్చి ఉంటాయో అక్కడ మనకు పని ఉంది.

మొదటి కస్టమర్ ఎలా దొరికాడు?

జూన్ నెల. చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి సీజన్లో ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పొడుగునా ఆగి ఉంటాయి, రైతులు ట్రాలీల కిందే పడుకుంటారు. రాత్రి రెండింటికి వేబ్రిడ్జి గదిలో గుమాస్తా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన పుస్తకంలో కార్బన్ కాగితం పెట్టి రాస్తున్నాడు: బండి నంబరు, లోడుతో తూకం, ఖాళీ బండి తూకం, నికరం. ఎనిమిది మంది రైతులు కిటికీ దగ్గర నిలబడి అరుస్తున్నారు.

నేను నెల రోజులు కష్టపడి చేసుకొచ్చిన ప్రోగ్రామ్ తెరిచి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి స్క్రీన్ మొత్తం చూశాడు. "బాగుండాది సామీ. తరుగు యాడ రాసేది?"

తరుగంటే నాకు తెలియదు. కుళ్ళిన కాయకు, దెబ్బతిన్న కాయకు తూకంలో ఇంతని తీసేస్తారు. రైతుకు, ఫ్యాక్టరీకి గొడవంతా ఆ ఒక్క అంకె దగ్గరే. నా ప్రోగ్రామ్‌లో ఆ గడే లేదు. గుమాస్తా నవ్వాడు, కిటికీ దగ్గర రైతు కూడా నవ్వాడు. ఆ రాత్రే అక్కడే కూర్చుని తరుగు గడి పెట్టాను. తరుగు ఎంత తీశారో, ఎందుకు తీశారో చీటీ మీద అచ్చయి రైతు చేతికి వెళ్ళేలా మార్చాను. కిటికీ దగ్గర అరుపులు కొంత తగ్గాయి. ఆ ఫ్యాక్టరీ ఏడాదికి 18,000 ఇచ్చింది. మొదటి సీజన్లో అలాంటివి ఐదు దొరికాయి, మొత్తం 90,000.

బెంగళూరులో ఏసీ గదిలో కూర్చుని ఉంటే తరుగు సంగతి నాకు ఎప్పటికి తెలిసేదో. నా పెట్టుబడి నా స్టూలే.

అడ్వాన్సు అడిగితే పని పోతుందేమోనని భయం. ఎలా అడగాలి?

మన వైపు అడ్వాన్సు కొత్త సంగతేం కాదు. తోట కాపు కొనేవాడు పూత మీదే అడ్వాన్సు ఇస్తాడు. కల్యాణ మండపం అడ్వాన్సు లేకుండా తేదీ రాసుకోదు. మేళగాళ్ళు తాంబూలంతో పాటు బయానా తీసుకుంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళమే సిగ్గుపడతాం. నేను 'అడ్వాన్సు' అనడం మానేసి 'బయానా' అంటున్నాను. పెద్దవాళ్ళ చేయి జేబులోకి వెళ్ళడానికి ఆ మాటకు బలం ఎక్కువ. సగం ముందు, సగం పని అప్పగించాక. సగం ఇవ్వనివాడు మిగతా సగం కూడా ఇవ్వడు, ఇందులో నాకు మినహాయింపు కనబడలేదు.

బిల్లు పంపాను, ఆరు నెలలైనా డబ్బు రాలేదు. ఏం చేయాలి?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్న. ఇన్నేళ్ళలో నా కళ్ళముందు మూతబడిన చిన్న కంపెనీల్లో పెట్టుబడి లేక పోయినవి తక్కువ. బిల్లులు రాసి, వసూలు చేసుకోలేక పోయినవే ఎక్కువ. పుస్తకంలో లాభం ఉంటుంది, జీతాలకు దుడ్లుండవు.

చట్టం మీ వైపే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. దీనికి ప్రభుత్వం దగ్గర చిన్న సంస్థగా నమోదు, అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, అది పూర్తిగా ఉచితం. రెండు వేలు అడిగే సైటు కనిపిస్తే మూసేయండి. ఇంకో నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది: గడువులోగా మీకు చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, చెల్లించిన ఏడాదే చూపించుకోవాలి. ఫిర్యాదు కంటే ఈ రెండోదే బాగా పనిచేస్తోంది. మార్చిలో వాళ్ళ ఆడిటరే ఫోన్ చేసి "మీరు ఉద్యమ్‌లో ఉన్నారా?" అని అడుగుతున్నాడు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి. ఒక్కటి మాత్రం, ఈ రక్షణ ట్రేడర్లకు వర్తించదు, తయారీ, సేవల వాళ్ళకే.

అయితే చిత్తూరులో ఒక ఫ్యాక్టరీ మీద ఫిర్యాదు పెడితే మిగతా ఇరవై ఫ్యాక్టరీలకు సాయంత్రానికి తెలుస్తుంది. అందుకే నా పద్ధతి వేరే.

ఒక ఫ్యాక్టరీ నాకు 1,86,000 బాకీ పడింది. పదకొండు నెలలు, తొమ్మిది సార్లు పోయాను. ప్రతిసారీ "అయ్య లేరు, వస్తే చెప్తాం." తొమ్మిదోసారి అకౌంటెంటుతో టీ తాగుతుంటే ఆయన జాలిపడి అసలు సంగతి చెప్పాడు. గుజ్జు జూన్, జూలైలో తయారవుతుంది. చెన్నై రేవు నుంచి కంటైనర్లు నెలల తరబడి కొంచెం కొంచెంగా పోతాయి. దుడ్లు ఆ తర్వాత వస్తాయి. వచ్చిందాంట్లో ముందు బ్యాంకు, తర్వాత రైతులు, తర్వాత డబ్బాలవాళ్ళు, లారీలు, కరెంటు. సాఫ్ట్‌వేర్ వాడు ఆఖరివాడు. సీజన్ అయ్యాక వాడితో ఏం పని?

ఆ మాట పట్టుకుని ఒకే ఒక్క మార్పు చేశాను. అప్పటిదాకా లైసెన్సు ఎవరు ఎప్పుడు కొంటే అప్పటి నుంచి ఏడాది. దాన్ని అందరికీ మే 31న ముగిసేలా మార్చాను. జూన్ మొదటి వారంలో కాయ దిగుతుంది, కాటా నడవాలి, చీటీ రావాలి. పదకొండు నెలలు దొరకని అయ్య మే 29న ఆయనే ఫోన్ చేశాడు. పాత బాకీతో సహా రెండు రోజుల్లో పడింది. దీన్ని బ్లాక్‌మెయిల్ అన్న మిత్రుడొకడున్నాడు. ముందే రాతలో చెప్పి, ఏప్రిల్‌లో ఒకసారి, మేలో రెండుసార్లు గుర్తుచేసి చేసేదాన్ని అలా అనకూడదని నా అభిప్రాయం. రైతు బాకీ ఉండగా నా బాకీ ముందు తీర్చారా అనే ఆలోచన మాత్రం అప్పుడప్పుడూ గుచ్చుకుంటుంది. దానికి జవాబు దొరకలేదు.

మీ కస్టమరుకు మీ అవసరం ఏ వారంలో గట్టిగా ఉంటుందో కనుక్కోండి. లాడ్జికి బ్రహ్మోత్సవాల ముందు, వైకుంఠ ఏకాదశి ముందు. స్కూలుకు జూన్‌లో. బట్టల కొట్టుకు దీపావళికి నెల ముందు. బిల్లు ఆ వారంలో పడాలి.

జీఎస్టీ ఎప్పుడు తీసుకోవాలి?

మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్ళకు 40 లక్షల టర్నోవర్ దాటితే, సేవలకు 20 లక్షలు దాటితే. సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి రూపాయి నుంచే కావాలి. వేలూరు మనకు పక్కూరే అయినా తమిళనాడు అన్నది మర్చిపోకండి.

అసలు దెబ్బ వేరే చోట ఉంది. ట్యాక్స్ ఇన్వాయిస్ రాసిన మరుసటి నెల, కస్టమరు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, 18 శాతం మీ జేబులోంచి కట్టాలి. లక్ష బిల్లు రాసి ఆరు నెలలు తిరిగితే, మీరు 18,000 ఎదురు పెట్టుకుని తిరిగినట్టు. అందుకే వార్షిక రుసుముకు ముందు ప్రొఫార్మా, అంటే అంచనా బిల్లు పంపండి, డబ్బు పడ్డాక అసలు ఇన్వాయిస్ ఇవ్వండి.

చీటీ పాడుకుని కంపెనీ నడపొచ్చా?

తిరుపతిలో చాలా వ్యాపారాలు చీటీలతోనే నడుస్తున్నాయి, దాచేదేముంది. కానీ చీటీ ధర ఎంతో లెక్క వేసుకుని పాడినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఒకసారి వేద్దాం.

5 లక్షల చీటీ. 20 మంది, 20 నెలలు, నెలకు 25,000. మీకు అర్జంటు, మూడో నెలలో 1,25,000 వదులుకుని పాడారు. చేతికి 3,75,000. వదులుకున్నదాంట్లో నిర్వాహకుడి కమిషన్ 5 శాతం అనుకుంటే 25,000 (చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది). మిగిలిన లక్ష ఇరవై మందికి పంచితే తలా 5,000, కాబట్టి ఆ నెల అందరూ 20,000 కడతారు. మొదటి మూడు నెలల్లో మీరు కట్టింది అలా 60,000 అనుకుందాం. అంటే నికరంగా మీకు అందిన అప్పు 3,15,000. మిగతా 17 నెలల్లో పాటలు చల్లబడతాయి, సగటున నెలకు 22,500 చొప్పున కడితే 3,82,500. తేడా 67,500. చూడ్డానికి చిన్నదే. అసలు నెలనెలా తగ్గుతూ పోతుందని గుర్తుపెట్టుకుని లెక్కిస్తే, సుమారుగా నూటికి రెండు రూపాయల పావలా వడ్డీ. ఏడాదికి 27 శాతం.

వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవడానికి సిగ్గుపడే మనిషి అంతకంటే పావలా ఎక్కువ ఇచ్చి చీటీ పాడతాడు, పైగా 'నా చీటీ దుడ్లు' అనుకుంటాడు.

చీటీ వేయొద్దని అనడం లేదు. కంపెనీకి నెలనెలా మిగిలే దాంట్లోంచి ఒకటి వేసి, చివర్లో తీసుకునే ఉద్దేశంతో ఉంచండి. నిజంగా ఇల్లు కాలినప్పుడు పాడుకోవచ్చు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీ అయితేనే. వీధి చీటీలు ఎత్తిపోయిన కథలు మీ వీధిలోనే వినబడతాయి. పాట అయ్యాక జామీను కావాలంటారు, గవర్నమెంటు ఉద్యోగి సంతకం. మన ఊళ్ళో టీటీడీ ఉద్యోగి సంతకానికి ఉండే గిరాకీ ఇంకదేనికీ లేదు; నాకు జామీను పెట్టిన మా చిన్నాయన ఆ ఇరవై నెలలూ నన్ను చూసినప్పుడల్లా కంపెనీ ఎట్లుందని అడిగేవాడు.

బ్యాంకు లోన్లు, ప్రభుత్వ పథకాలు?

చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్రా లోన్ 2015 నుంచి ఉంది. తాకట్టు లేకుండా 10 లక్షల దాకా, అందులో పెద్దదైన తరుణ్ లోన్ తీసుకుని సరిగ్గా కట్టినవాళ్ళకు 2024 నుంచి 20 లక్షల దాకా. కొత్త యూనిట్ పెట్టేవాళ్ళకు కేంద్ర సబ్సిడీ పథకం పీఎంఈజీపీ 2008లో మొదలైంది: తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవలకు 20 లక్షల ప్రాజెక్టు దాకా, 15 నుంచి 35 శాతం సబ్సిడీ. ఊళ్ళో కంటే పల్లెలో పెడితే సబ్సిడీ ఎక్కువ. సబ్సిడీ మీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి తర్వాత లోనులో సర్దుతారు. ఆ డబ్బును ముందే ఖర్చు చేసుకుని కూర్చోవద్దు.

ఊరగాయలు, మామిడి తాండ్ర, బెల్లం లాంటి తిండి సరుకైతే చిన్న ఆహార యూనిట్ల కేంద్ర పథకం పీఎంఎఫ్ఎంఈ చూడండి: 35 శాతం సబ్సిడీ, 10 లక్షలకు మించకుండా.

ఇవన్నీ యంత్రం కొనేవాళ్ళకు బాగా కుదురుతాయి. సాఫ్ట్‌వేర్ వాడు కొటేషన్ పెట్టడానికి యంత్రమేదీ ఉండదు. ఒక మేనేజరు నా కాగితాలన్నీ చూసి "ఇంతకీ మిషనరీ యాడుంది?" అన్నాడు. నా తల వైపు చూపించాను. ఆయనకు నచ్చలేదు.

ఇంక్యుబేటర్లు (కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే కేంద్రాలు), గ్రాంట్లు?

గ్రాంటు దొరికితే తీసుకోండి, వాటా అడగరు కాబట్టి. ఐఐటీ తిరుపతిలో నవావిష్కార్ ఐ-హబ్ ఉంది, పొజిషనింగ్, ప్రిసిషన్ టెక్నాలజీల మీద. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో మహిళలకు ఇంక్యుబేటర్ ఉంది. 2025లో రాష్ట్రం మొదలుపెట్టిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు తిరుపతిలో ఒక కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన సీడ్ ఫండ్ పథకంలో నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు, ఇంక్యుబేటర్ ద్వారా.

ఒక్క హెచ్చరిక. పోటీలకు పోయి పోయి, షీల్డులు తెచ్చుకుని, స్లైడ్లు దిద్దుకుంటూ రెండేళ్ళు గడిపేసినవాళ్ళు నాకు తెలుసు. షీల్డులకు రెండు అరలు నిండాయి, కస్టమరు ఒక్కడూ లేడు.

ప్రొప్రైటరా, ఎల్ఎల్‌పీనా, ప్రైవేట్ లిమిటెడా?

ఒక్కరే ఉండి బయటి పెట్టుబడి ఆలోచన లేకపోతే ప్రొప్రైటర్‌గా మొదలుపెట్టండి. ఇద్దరైతే పరిమిత బాధ్యత భాగస్వామ్యం, అంటే ఎల్ఎల్‌పీ, టర్నోవర్ 40 లక్షలు లేదా మూలధనం 25 లక్షలు దాటేదాకా ఆడిట్ తప్పనిసరి కాదు. ప్రైవేట్ లిమిటెడ్‌కు మొదటి రోజు నుంచే ఆడిటరు, ఏటా ఫైలింగులు, ఆలస్యమైతే రోజుకింత జరిమానా. విజిటింగ్ కార్డు మీద 'డైరెక్టర్' అని చూసుకోవడానికి అంత ఖర్చు దండగ.

ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాక స్నేహితుడి దగ్గర చేబదులు తెచ్చి కంపెనీ ఖాతాలో వేస్తే, చట్టం దాన్ని డిపాజిట్‌గా చూస్తుంది, అది కుదరదు. డైరెక్టరు తన సొంత డబ్బు ఇవ్వొచ్చు, డైరెక్టరు దగ్గరి బంధువులు ఇవ్వొచ్చు, అప్పు తెచ్చి ఇవ్వడం లేదని రాసివ్వాలి. ఇది తెలియక మా ఆడిటరు చేత చీవాట్లు తిన్నాను.

ఆఫీసు ఎక్కడ తీసుకోవాలి?

ఇంట్లోనే. నలుగురు అయ్యాక ఎక్కడైనా రెండు గదులు. ఎయిర్ బైపాస్ రోడ్డులో అద్దాల మేడ వద్దు, మీ కస్టమరు అక్కడికి రాడు.

మనుషులు నిలవడం లేదు. ఎలా?

నిలవరు. మన కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు పని నేర్పిస్తే ఏడాదిన్నరకు బెంగళూరు నుంచి రెట్టింపు జీతం వస్తుంది. మొదట్లో ద్రోహమనిపించేది. ఇప్పుడు మొదటి రోజే చెప్తాను: "ఏడాదిన్నర ఉండు, పోయే రెండు నెలల ముందు చెప్పు, నేనే రెఫరెన్స్ ఇస్తా." చెప్పి పోతున్నారు, పోయినవాళ్ళలో ఇద్దరు నాకు కొత్త కస్టమర్లను కూడా పంపారు.

మా దగ్గర ఎక్కువ కాలం ఉన్నవాళ్ళు వేరే రకం. భర్తకు స్విమ్స్ ఆసుపత్రి‌లోనో యూనివర్సిటీలోనో ఉద్యోగం ఉండి తిరుపతిలోనే స్థిరపడిన ఆడవాళ్ళు. అంతకుముందు హైదరాబాద్‌లో ఆరేడేళ్ళ అనుభవం ఉంటుంది, ఇక్కడ ఆ అనుభవానికి ఉద్యోగాలుండవు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంటికి పోనిస్తే చాలు. మా కంపెనీలో కీలకమైన కోడ్ అంతా మధ్యాహ్నం మూడింటికి ఇంటికెళ్ళిపోయే ఇద్దరు రాసిందే.

జీతం మాత్రం ఒకటో తేదీ పడాలి. రెండుసార్లు మా ఇంటావిడ గాజులు బ్యాంకులో పెట్టి ఇచ్చాను. ఆమె ఇప్పటికీ ఆ గాజులు వేసుకున్నప్పుడల్లా "కంపెనీ గాజులు" అంటుంది.

చెన్నై, బెంగళూరుకు మారిపోవడం మేలా?

కస్టమర్లు అక్కడుంటే పోండి. లేకపోతే నెలకోసారి పోయి రండి. తెల్లవారి బస్సెక్కి చెన్నైలో రెండు మీటింగులు చూసుకుని, రాత్రికి ఇంట్లో ఉండొచ్చు.

ఒకే పంటను నమ్ముకోవడం ప్రమాదం కాదా?

ప్రమాదమే, 2025లో నెత్తిమీదకి వచ్చింది. ముందు ఏడాది గుజ్జు అమ్ముడుపోక ఫ్యాక్టరీల్లో నిల్వలు మిగిలాయి, తోతాపురి ధర పడిపోయింది. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని నిర్ణయించింది, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ట్రాక్టర్లు రోజుల తరబడి వరుసలో ఆగాయి. ఆ మేలో నా 31వ తేదీ మంత్రం పారలేదు. ముగ్గురు "ఈ ఏడు ఆగప్పా" అన్నారు, ఆగాను. రైతు కాయను రోడ్డు పక్కన పారబోస్తుంటే లైసెన్సు ఫీజు గురించి గట్టిగా మాట్లాడే ముఖం నాకు లేదు.

అదృష్టం కొద్దీ అంతకు ఏడాది ముందే మదనపల్లె టమాటా మండీల్లో కాలు పెట్టి ఉన్నాం. టమాటా ఏడాదంతా వస్తుంది, కమిషన్ వ్యాపారి వారం వారం ఇస్తాడు. మొత్తం తక్కువ, జీతాల రోజుకు మాత్రం చేతిలో ఉంటుంది.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. సంబంధాలు కూడా రావడం లేదు.

పెళ్ళి చూపుల్లో 'సొంత కంపెనీ' అంటే 'ఉద్యోగం లేదు' అని అర్థం. మా మామగారు నా ఐటీ రిటర్నులు మూడేళ్ళవి అడిగి తీసుకున్నారు. బ్యాంకు కూడా అంత శ్రద్ధగా చదవలేదు. కోపం తెచ్చుకోకండి. కంపెనీ ఖాతా నుంచి ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే మొత్తం, ఎంత చిన్నదైనా, జీతంగా ఇంటికి పంపండి. మా నాన్న మెత్తబడింది నా మాటలకు కాదు, ప్రతి నెలా 5న ఫోన్లో వచ్చే 12,000 మెసేజీకి.

ఎప్పుడైనా పెట్టుబడిదారుడు నిజంగా వస్తే తీసుకోవచ్చా?

ఆ డబ్బుతో రేపు సోమవారం ఏం చేస్తారో చెప్పగలిగితే తీసుకోండి. నాకు 2022లో ఒకాయన వచ్చాడు, మంచి మనిషి. ఆరు రాష్ట్రాలకు విస్తరించాలన్నాడు. ఆరు రాష్ట్రాల్లో తరుగు ఆరు రకాలు, స్టూలు వేసుకుని కూర్చునేది నేనొక్కణ్ణే అన్నాను. భోజనం చేసి, దర్శనం చేసుకుని వెళ్ళాడు.

మూసేయాలని ఎప్పుడు నిర్ణయించుకోవాలి?

నేను పెట్టుకున్న గీత ఇది: వరసగా రెండు సీజన్లు జీతాలకు అప్పు చేయాల్సి వస్తే ఆపేస్తాను. ఒకటి అయింది, 2025లో. ఆపాల్సొస్తే ముందు ఉద్యోగుల బాకీ, తర్వాత జీఎస్టీ రద్దు, ప్రైవేట్ లిమిటెడ్ అయితే పేరు తీసేయించుకునే దరఖాస్తు. కంపెనీని ఫైలింగులు లేకుండా అలాగే వదిలేస్తే జరిమానాలు పెరుగుతూ ఉంటాయి, డైరెక్టర్లుగా మీ మీద అనర్హత కూడా పడుతుంది.

ఇంకా అడగాల్సినవి ఉంటే?

అడగండి. ఉదయం పదకొండు తర్వాత. జూన్, జూలైలో మాత్రం ఫోన్ ఎత్తను, కాటా గదిలో ఏమీ వినబడదు.